పనికిరాని శబ్దం

సాలిగ్రామంలో, అరుణాచలం రోడ్డు మీద
మెస్సు పక్క మెట్లెక్కితే రెండో అంతస్తు.
ఇరవై ఆరేళ్ళుగా ఈ గదికి కిటికీ లేదు.
నువ్వు ప్రపంచం తిరిగొచ్చి
సంచి విప్పేది ఇక్కడే, అలివేలూ.

మొదటిసారి తెచ్చింది పులికాట్.
పదకొండు టేపులు, వాటి మీద ఉప్పు చార,
లేబుళ్ళ నిండా నీ కోడిగీతలు.
తెర మీద వల లాగుతున్న ముసలాయన.
ఆయన మాటకు అడ్డంగా ఎవరిదో ఊపిరి.
'ఎవరిదే ఇది?' అన్నాను.
నాలుక కరుచుకున్నావు.
మోకాళ్ళ లోతు బురదలో కెమెరా భుజాన మోస్తుంటే
మైకు అందరికన్నా ముందు నిన్నే పట్టిందట.

కోసేశాను. పారెయ్యలేదు.
ఎందుకని అడక్కు.
మా అమ్మ చీర చిరిగిపోయినా అంచు దాచేది.

తర్వాత నీకు దేశాలు తగులుకున్నాయి.
మారిటేనియా నుంచి చెవుల్లో ఇనప రజను,
మెకాంగ్ నుంచి బూజు పట్టిన లెన్సు,
జార్జియాలో ఎవరో అవ్వ ఇచ్చిన అక్రోట్ల దండ
(దాని చీమలు నా కీబోర్డులో ఏడాది కాపురమున్నాయి).
నాకు పాస్‌పోర్టు లేదు.
అయినా ఆ ఖనిజం రైలు మలుపు తిరగడానికి
ఎన్ని సెకన్లు పడుతుందో నిద్రలో లేపినా చెప్తాను.

మధ్యలో డబ్బు లేని మూడేళ్ళు.
వళసరవాక్కంలో పెళ్ళి వీడియోలు,
ఓ సిమెంటు కంపెనీకి భద్రతా వారోత్సవం.
హెల్మెట్ వంకరగా పెట్టుకున్న కూలీ ఒకడు
కెమెరా వైపు చూసి నవ్వాడు.
తీసెయ్యమంది కంపెనీ.
ఆరు సెకన్లు, నువ్వు దొంగిలించుకుపోయావు.

ఊపిరికి వయసుంటుందని నీవల్లే తెలిసింది.
పులికాట్‌లో గెంతుతుంది.
లడఖ్‌లో గాలి చాలక ఈల వేస్తుంది.
ఒక టేపులో మాత్రం
రెండు మెట్లకోసారి ఆగి ఆగి ఎక్కుతుంది.
అప్పుడు కడుపుతో ఉన్నావని మాకెవరికీ తెలీదు.
తర్వాతి టేపులో మామూలుగానే ఉంది.
నేనూ అడగలేదు.

మరక్కాణం ఉప్పుమడుల్లో పచ్చయమ్మాళ్.
మొగుడు పోయిన మూడోనాడే పార పట్టుకుంది.
తీయొచ్చా అంటే వద్దనలేదు, సరే అనీ అనలేదు.
నువ్వే లెన్సుకు మూత పెట్టేశావు.
ఆపడం మరిచావు.
పందొమ్మిది నిమిషాలు నలుపు:
పార, ఉప్పు, పార,
నువ్వు ముక్కు చీదిన చప్పుడు.

ఆ నలుపులోంచే నీ కథాచిత్రం పుట్టిందంటాను నేను.
పత్రికలవాళ్ళకి వేరే ఏదో చెప్పావు.

ఇప్పుడు నటి ఉంది, లైట్లున్నాయి, నిర్మాత ఉన్నాడు,
తిరువొత్తియూరు గోడౌనులో లారీల ఉప్పు.
ఆ పిల్ల పార ఎత్తుతుంది, దించుతుంది.
డబ్బింగులో ఊపిరి పీలిస్తే
అది ఊపిరిలా లేదు,
ఊపిరి అనే మాటలా ఉంది.
పద్నాలుగు టేకులు.
'పెంచలయ్యా, ఏదో ఒకటి చెయ్యి' అని
కాఫీకి కిందికి దిగావు.

పాత డిస్కు తగిలించాను.
ఫోల్డరు పేరు: పనికిరాని శబ్దం.
నీ సినిమాల్లోంచి నేను తీసేసిన నువ్వు,
మొత్తం గంటా పదకొండు నిమిషాలు.
మరక్కాణం నలుపులోంచి పన్నెండు సెకన్లు కోసి
ఆ పిల్ల పెదాల కింద పెట్టాను.
కుదిరింది.
రెండు ఫ్రేములు వెనక్కి జరిపితే
ఇంకా కుదిరింది.

వచ్చావు. చూశావు.
మళ్ళీ పెట్టమన్నావు.
కింద మెస్సులో ఎవరో పళ్ళెం జారవిడిచారు,
అది తిరిగి తిరిగి ఆగేదాకా ఇద్దరం మాట్లాడలేదు.

'ఎవరిదిరా ఇది?' అన్నావు.

నాలుక కరుచుకోవడం
ఈసారి నా వంతు.